సిరిని వెతుక్కుంటూ...

ఈ ఏడు సంక్రాంతి నుంచి మే నెల దాకా రోజూ మధ్యాహ్నం రెండింటికి అంట్లు కడిగేసి, పొయ్యిగట్టు తుడిచి, తడి చేతులు కొంగుకు అద్దుకుంటూ పోయి నేను దెయ్యాల్ని వేటాడాను. నవ్వొస్తోందా? నవ్వుకోండి, ఏం పర్వాలేదు. మావారు నవ్వడం అయిపోయింది, ఎదురింటామె నవ్వడం అయిపోయింది. ఇక మీ వంతు.

నాకు యాభై రెండేళ్లు. పుట్టింది తిరుపతిలో. పెళ్లయి కొండమీదికి వచ్చి ముప్పయ్యేళ్లవుతోంది. కాపురం తిరుమల బాలాజీనగర్లో. మావారికి చిన్న కొట్టుంది. పసుపు, కుంకుమ, స్వామి పటాలు, పిల్లకాయల బొమ్మలు అమ్ముతారు. పొద్దున్నే సుప్రభాతం వినిపించేసరికి లేచి పోతారు. ఒంటిగంటకు అన్నానికి వచ్చి మళ్లీ పోతే ఇల్లు చేరేది రాత్రి పదింటికే. పెద్దాడికి బెంగళూరులో ఉద్యోగం. చిన్నది ఇంజనీరింగు అయ్యి ఇంట్లోనే ఉంది. పెద్దాడు పోతూ పోతూ తన పెద్ద కంప్యూటర్ని ఇక్కడే వదిలేసి పోయాడు. వారానికొకసారి దుమ్ము తుడవడమే దానికీ నాకూ ఉన్న చుట్టరికం.

సంక్రాంతికి వాడు వచ్చినప్పుడు మొదలైంది ఈ కథ. వాడు కంప్యూటర్లో ఏదో ఆట ఆడుతుంటే, నేను వెనకాల కూర్చుని పితికిపప్పు కోసం అనపకాయలు ఒలుస్తున్నాను. తెరమీద ఒక బండ మనిషి వర్షంలో, చీకట్లో, చచ్చి పుట్టిన తన బిడ్డను చేతుల్లో పెట్టుకుని నడుస్తున్నాడు. నా చేతిలో అనపకాయ అట్లాగే ఆగిపోయింది. "రేయ్, ఎవుర్రా వాడు? ఆ బిడ్డకేమైంది?" అన్నాను. వాడు సగం చెప్పాడు, అంతలో బస్సుకు టైమైందని లేచాడు. నాకా రాత్రి నిద్ర పడితే ఒట్టు!

మర్నాడు ఫోను చేశాను. "ఆయప్పకి పెండ్లాం దొరికిందా లేదా అది చెప్పు."

"నేను చెప్తే ఏం బాగుంటాదిమా? నువ్వే ఆడి చూసుకో. చెల్లెల్ని అడుగు, మొదలుపెట్టిస్తాది."

అలా మొదలుపెట్టాను. ఆట పేరు ది విచర్ 3. పోలండు దేశంలో, వార్సా నగరంలోని సీడీ ప్రాజెక్ట్ రెడ్ అనే కంపెనీ తయారుచేసింది. 2015 మే 19న వచ్చింది. ఆంద్రేయ్ సప్కోవ్‌స్కీ అనే పోలిష్ రచయిత రాసిన కథల్లోని మనుషులే ఇందులోనూ ఉంటారు. 2023 నాటికి 5 కోట్ల కాపీలు అమ్ముడుపోయాయని ఆ కంపెనీయే చెప్పింది. ఆ 5 కోట్లలో మావాడు కొన్నది ఒకటి, దాన్ని పూర్తిచేసింది మాత్రం నేను!

ఇలాంటివాటిని ఇంగ్లీషులో 'రోల్ ప్లేయింగ్' ఆటలు అంటారట. అమ్మాయి చెప్తే అర్థం కాలేదు. తీరా చూస్తే ఇది మనకు తెలియనిదేం కాదు, వేషం కట్టడమే! మా పుట్టిల్లు తాతయ్యగుంట గంగమ్మ గుడికి దగ్గర్లోనే. ఏటా మే నెలలో జాతర. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటే, వాణ్ణి బయటికి రప్పించడానికి ఆ తల్లి రోజుకొక వేషం కట్టిందని మా జేజి చెప్పేది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, చివరికి దొర వేషం. దొరను చూసి పాలెగాడు బయటికొస్తే గంగమ్మ వాణ్ణి సంహరించింది. ఇప్పటికీ జాతరలో ఊళ్లో జనం ఆ వేషాలు కడతారు. మగవాళ్లు చీర కట్టుకుని, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. చిన్నప్పుడు మా తమ్ముడు తోటి వేషం కట్టి ఒళ్లంతా బొగ్గు పూసుకుంటే, వాడి నడకే మారిపోయేది. వేషం మహిమ అది. కంప్యూటర్ ముందు కూర్చున్న ఆ రెండు గంటలూ నేను తెల్లజుట్టు, వీపున రెండు కత్తులు ఉన్న గెరాల్ట్ అనే మగవాణ్ణి. ఊరూరా తిరుగుతూ, కూలి తీసుకుని దెయ్యాల్నీ రాక్షసుల్నీ మట్టుపెట్టడం ఆయన వృత్తి.

మొదట్లో నా అవస్థ చూడాలి మీరు! ఎడమ చేత్తో నాలుగు మీటలు నొక్కితే నడక, కుడి చేత్తో మౌసు తిప్పితే చూపు. రెండూ ఒకేసారి చెయ్యాలి. మొదటి వారమంతా గెరాల్ట్ గోడలకు గుద్దుకుంటూనే ఉన్నాడు. గుర్రమెక్కి చెరువులోకి దిగాను. కష్టం ఎంతుండాలో మనమే ఎంచుకోవచ్చు. అన్నిటికన్నా తేలికైనదాని పేరు 'కథ మాత్రం చాలు' అన్నట్టుగా ఉంటుంది. నేను సిగ్గుపడకుండా అదే పెట్టుకున్నాను. కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. అర్థం కాని మాట వస్తే ఆట ఆపి అమ్మాయిని కేకేసేదాన్ని.

ఇంకో ముచ్చట. దెబ్బలు తగిలినప్పుడు గెరాల్ట్‌కి తిండి పెడితే ఓపిక వస్తుంది. ఆయన సంచీలో పచ్చిమాంసం, కాల్చిన కోడి, సారాయి, అన్నీ ఉంటాయి. మా కొండమీద మాంసం, మద్యం నిషేధం కదా. తెరమీదైనా సరే, నాకు చెయ్యి రాలేదు. ఆయనకు రొట్టె, ఆపిల్ పళ్లు, మంచినీళ్లు మాత్రమే పెట్టాను. తన కాలంలో ఎవరూ ఆయన్ని అంత నిష్ఠగా చూసుకుని ఉండరు! మూలికలు ఏరి మందులు కాచడం మాత్రం నాకు భలే నచ్చింది. పొలం గట్టున ఆకు కనిపిస్తే చాలు, యుద్ధం మధ్యలోనైనా ఆగి కోసుకునేదాన్ని. అయితే ఒకటి. పిలవకుండా ఎవరింట్లో పడితే వాళ్లింట్లో దూరి, పెట్టెలు తెరిచి సామాన్లు తీసుకోవడం ఈ ఆటలో మామూలే. అది మటుకు చివరిదాకా నాకు మింగుడుపడలేదు.

"ఈ వయసులో, అదీ దేవుడి కొండమీద కూర్చుని ఆటలేందక్కా?" అంది ఎదురింటామె. హాథీరాంజీ బావాజీ కథ గుర్తుచేశాను. ఉత్తరాది నుంచి వచ్చిన ఆ భక్తుడితో రాత్రిపూట పాచికలాడటానికి స్వామే గుడి దాటి వచ్చేవాడని కదా మనం చెప్పుకునేది! ఆయన పేరుమీద వెలిసిన మఠమే 1843 నుంచి 1933 దాకా గుడి వ్యవహారాలు చూసింది. "స్వామే ఆడగా లేనిది, నేనాడితే తప్పా?" అన్నాను. ఆమె మూతి తిప్పుకుని పోయింది. పదిరోజులకు మళ్లీ వచ్చి, "మీ గుర్రపాయన ఎంతదాకా వచ్చినాడు?" అని అడిగిందనుకోండి, అది వేరే సంగతి.

ఇక అసలు సంగతికొస్తాను. సంక్రాంతినాడు నేను చూసిన ఆ బండమనిషి ఒక ఊరికి దొర. బేరన్ అంటారు. యుద్ధాలకు పోయి తాగుడు మరిగాడు. భార్య మనసు వేరే మనిషివైపు మళ్లింది. ఇంట్లో కొట్లాటలు, దెబ్బలు. కడుపుతో ఉన్న ఆమెకు బిడ్డ పోయింది. పెళ్లాం, పెద్దకూతురు ఇల్లొదిలి పారిపోయారు. పేరు పెట్టకుండా, సంస్కారం చెయ్యకుండా పాతిపెట్టిన ఆ పసిగుడ్డు పిశాచమై తిరుగుతుంది. దాన్ని కత్తితో నరికి పోగొట్టొచ్చు. లేదా ఆ తండ్రే దాన్ని చేతుల్లోకి తీసుకుని, పేరు పెట్టి, 'నువ్వు నా బిడ్డవే' అని ఒప్పుకుని, తన ఇంటి గడప కింద పూడ్చిపెట్టాలి. అప్పుడది ఇంటిని కాచే దేవతలా మారుతుంది.

గడప కింద! శుక్రవారం శుక్రవారం గడపకు పసుపు రాసి బొట్టు పెట్టే మనకు, ఎక్కడో పోలండులో కూర్చుని వాళ్లు రాసిన ఈ మాట కొత్తగా అనిపిస్తుందా చెప్పండి? నేను కత్తి తియ్యలేదు. ఆ దొరచేత బిడ్డకు పేరు పెట్టించాను.

అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ కథ అంతటితో సుఖాంతం కాదు. తర్వాత ఒక కొండగుట్ట మీది చెట్టులో బందీ అయిన ఆత్మను వదలాలా, చంపాలా అని అడుగుతారు. వదిలితే కొందరు అనాథ పిల్లలు బతుకుతారు. కానీ ఆ దొర పెళ్లాం చనిపోతుంది, ఆయన ఉరేసుకుంటాడు. చంపితే పిల్లలు పోతారు. ఆమె ప్రాణంతో ఉంటుంది గానీ మతి ఉండదు. ఆయన ఆమెకు వైద్యం చేయించడానికి దూరదేశం తీసుకుపోతాడు. ఏది చేసినా ఒక ఇల్లు కూలుతుంది. నేను పిల్లల్ని కాపాడాను. తర్వాత చెట్టుకు వేలాడుతున్న ఆ మనిషిని చూసి కంప్యూటర్ కట్టేసి, రెండు రోజులు దాని జోలికి పోలేదు. కొట్టినవాడే కదా, పోతే పోనీ అనుకోలేకపోయాను. ఆయన్ని మంచివాడనీ అనలేను.

ఆటంతా కలిపి అసలు కథ ఒక్కటే. గెరాల్ట్ పెంచుకున్న కూతురు తప్పిపోయింది. ఆమె రక్తంలో ఏదో శక్తి ఉందని ఒక సైన్యం వెంటపడుతోంది. తండ్రి ఊరూరా ఆమెను వెతకాలి. ఆ పిల్ల పేరేమిటో తెలుసా? సిరి! వాళ్ల భాషలో ఏమర్థమోగానీ, మనకు సిరి అంటే లక్ష్మీదేవే కదా. అలిగి వెళ్లిపోయిన లక్ష్మిని వెతుక్కుంటూ వైకుంఠం విడిచి స్వామి దిగివచ్చింది ఈ కొండకే అంటారు. అక్కడ కూర్చుని నేను ఇంకో సిరిని వెతుకుతున్నాను. ఆ పేరు తెరమీద పడినప్పుడల్లా ఒళ్లు జల్లుమనేది.

మార్చి నెలాఖరుకు సిరి దొరికింది. నెత్తిన పాలు పోసినట్టయింది. కానీ దొరికాక ఇంకా సగం కథ ఉందని నాకేం తెలుసు?

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇంట్లో ఇంకో సంగతి నలుగుతోంది. అమ్మాయికి జర్మనీలో ఎం.ఎస్. సీటు వచ్చింది. బ్యాంకు అప్పుకు నా సంతకం కావాలి, నా పేరుమీదున్న ఇంటిస్థలం కాగితాలు కావాలి. నేను 'వద్దు' అనలేదు. తల్లులం మనం అంత సూటిగా అంటామా? 'ఉగాది పోనీ' అన్నాను. తర్వాత 'మూఢం వెళ్లనీ' అన్నాను. 'కాగితాలు ఎక్కడో పెట్టాను, వెతకాల' అన్నాను. కాగితాలు బీరువాలో పట్టుచీరల కిందే ఉన్నాయి.

బ్యాంకుకు కూడా తోడు పోయాను. మేనేజరు అమ్మాయిని, "ఏం కోర్సమ్మా?" అని అడిగితే నేను చెప్పాను. "అక్కడెక్కడుంటావు?" అంటే నేను చెప్పాను. బయటికొచ్చాక అది చిన్నబుచ్చుకుని, "ఆయన నన్నడిగితే నువ్వు చెప్తావేందిమా? నాకు నోరు లేదా?" అంది. "నీకు తెలీదులే, ఊరుకో" అన్నాను.

ఆటలో కూడా అదే చేశాను, చిత్రం చూడండి. పెద్ద యుద్ధంలో సిరిని పెంచిన వృద్ధుడు వెసెమిర్ చనిపోతాడు. దుఃఖంలో ఉన్న పిల్లతో మంచు ఉండలు విసురుకుని ఆడి మనసు తేలిక చెయ్యొచ్చు. నేను 'అన్నీ నీవల్లే కావాలని లేదులే' అని ఓదార్చి ఊరుకున్నాను. మంత్రగత్తెల సభ ఆమెను ఒంటరిగా రమ్మంటే, 'నేనూ వస్తాను' అని వెంట పోయాను. తనను మోసం చేశాడనుకున్న గురువు గదిలో కోపంతో ఆమె సామాన్లు పగలగొట్టబోతే, 'శాంతించు' అన్నాను. అంతా గాజు సామానమ్మా, చూస్తూ ఎలా ఊరుకుంటాం? ఆపదలో తనను ఆదుకుని, తర్వాత చనిపోయిన కుర్రాడి సమాధి చూసి వద్దామంటే, 'ఇప్పుడు టైము లేదు, ముందు పని చూడు' అన్నాను. ప్రతిసారీ నేను సరైన జవాబే చెప్పాననుకున్నాను. ఏ తల్లయినా చెప్పే జవాబులే కదా!

మే నెలలో, తిరుపతిలో జాతర జరుగుతున్న రోజుల్లోనే, ఆట చివరికొచ్చింది. లోకాల్ని మింగేసే మంచును ఆపడానికి సిరి ఒంటరిగా ఒక గోపురంలోకి పోతుంది. పోతూ పోతూ తండ్రి తనతో అన్న మాటలు ఒక్కొక్కటే తలుచుకుంటుంది. నేనన్న మాటలే! 'శాంతించు.' 'నేనూ వస్తాను.' 'టైము లేదు.' అంతే. సిరి తిరిగి రాలేదు. ఆమె దగ్గరుండిన వెసెమిర్ పతకం ఒక్కటి వెతికి తెచ్చుకుని, గెరాల్ట్ ఒక పాడుబడ్డ గుడిసెలో తల వంచుకుని కూర్చున్నాడు. చుట్టూ రాక్షసులు మూగుతున్నారు. ఆయన లేవలేదు. తెరమీద పేర్లు పడ్డాయి.

నేను కుర్చీలోంచి కదల్లేదు. ఏడుస్తూ పెద్దాడికి ఫోను చేశాను. "ఇన్ని నెలలు తిప్పలు పడి వెతికితే ఇదేనా రా? చంపేసినారే పిల్లని!"

వాడు కాసేపు ఆగి, "అది ఒక ముగింపేమా. ఇంకా రెండుండాయి. కత్తి బాగా తిప్పినావా లేదా అని కాదు, దారిలో ఆ పిల్లతో ఎట్లుంటావో దాన్నిబట్టి మారుతాది. నువ్వేమన్నావు?" అన్నాడు.

నేనన్నవి వరుసగా చెప్పాను. వాడు నవ్వలేదు. "ప్రేమ లేక కాదుమా. నమ్మకం చూపలేదు. 'నావల్ల అవుతాది' అని ఆ పిల్లకి అనిపించాల, అప్పుడే తిరిగొస్తాది" అన్నాడు.

వాడు ఆట గురించే చెప్పాడు. కానీ నాకు బ్యాంకులో చిన్నబోయిన మొహం కనిపించింది. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో నిజంగానే అమ్మాయి నిలబడి ఉంది. నా ఏడుపు విని వచ్చినట్టుంది. "ఏమైందిమా?" అంది. ఏం చెప్పను? "సిరి రాలేదే" అన్నాను. అది నా పక్కన కూర్చుని, "పాత సేవ్ ఉంటాది, వెనక్కి పోయి మళ్లీ ఆడొచ్చులే" అంది.

వెనక్కి పోయాను. ఈసారి మంచు ఉండలు విసిరాను. సభకు ఒంటరిగా పంపాను. సామాన్లు పగలగొడుతుంటే నేనూ ఒక చెయ్యి వేశాను. సమాధి దగ్గరికి తోడుపోయాను. రెండు వారాల తర్వాత సిరి ఆ గోపురంలోంచి తిరిగొచ్చింది. ఒక పల్లెటూరి సత్రంలో గెరాల్ట్ ఆమె చేతిలో కొత్త కత్తి పెట్టాడు. తండ్రి వృత్తే తానూ పట్టుకుని, తన దారిన తాను పోయిందామె. ఇదీ ఎడబాటే, గమనించండి. పిల్ల ఇంట్లో ఉండిపోయే ముగింపు మాత్రం ఆ ఆటలో లేనే లేదు.

ఆ రాత్రి బీరువా తెరిచి పట్టుచీరల కింద నుంచి కాగితాలు తీసి టేబులు మీద పెట్టాను. మావారు చూశారు. ఏమీ అడగలేదు. మర్నాడు బ్యాంకులో సంతకం పెట్టి, బయటి బల్లమీద కూర్చున్నాను. లోపల మేనేజరుతో అదే మాట్లాడుకుంది. గాజు తలుపులోంచి చూస్తే చేతులు తిప్పుతూ ఏదో వివరిస్తోంది. ఏం చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. వీసా పనికి చెన్నైకి కూడా ఒక్కతే పోయొచ్చింది. అది తిరిగొచ్చేదాకా నేను ఎన్నిసార్లు గడియారం చూశానో మాత్రం అడక్కండి.

వీసా వచ్చాక మొక్కు తీర్చుకుందామని ఇద్దరం బస్సులో కిందికి దిగి, అలిపిరి నుంచి నడిచి ఎక్కాం. 3,550 మెట్లు. ఇన్నేళ్లుగా ఈ దారిలో నాది ఒకటే పాట, 'నిదానం, నిదానం, జారతావు' అని. ఈసారి నోరు నొక్కుకున్నాను. గాలిగోపురం దాటాక అది ముందుకు పోయి కనిపించకుండా పోయింది. మోకాళ్ల మెట్టు దగ్గర నేను ఆయాసపడుతూ ఎక్కుతుంటే, పైన మెట్టుమీద కూర్చుని నాకోసం చూస్తోంది. "నిదానంగా రామా, తొందరేం లేదు" అంది. నా పాట నాకే పాడింది!

సెప్టెంబరులో ప్రయాణం. గెరాల్ట్‌లా కత్తి ఇవ్వలేను కదా. రెండు లీటర్ల కుక్కరు కొన్నాను. శెనక్కాయల పొడి, కరివేపాకు పొడి, రోటిలో దంచిన కారం తడి తగలకుండా కట్టిపెడుతున్నాను. ఎలా చెయ్యాలో రాసిస్తానంటే, "వద్దుమా, పక్కన నిలబడు చాలు, నేనే చేస్తా" అంది. మొదటిసారి శెనక్కాయలు మాడ్చింది. నేను ఏమీ అనలేదు. అనకుండా ఉండటం రాక్షసుల్ని చంపడంకన్నా కష్టమని మీకు వేరే చెప్పాలా? రెండోసారి చక్కగా వేయించింది.

భయం పోయిందని అబద్ధం చెప్పను. పరాయిదేశం, చలి, ఒంటరి ఆడపిల్ల. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తూనే ఉన్నాను. కాకపోతే ఆ భయాన్ని దాని నెత్తిన పెట్టి పంపకూడదని మాత్రం నిర్ణయించుకున్నాను.

మీ ఇంట్లోనూ పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని, "ఐదు నిమిషాలుమా" అంటూ గంటలు గడుపుతుంటారు. అరవండి, తప్పులేదు, నేనూ అరిచినదాన్నే. కానీ ఒక్క రోజు అనపకాయలో, చిక్కుడుకాయలో ముందేసుకుని వాళ్ల వెనకాల కూర్చుని చూడండి. "ఎవుర్రా వాడు? ఏమైంది?" అని అడగండి. వాళ్లకు ఎంత సంతోషమో! మీకేం దొరుకుతుందో నేను చెప్పలేను. నాకు మాత్రం పక్కగదిలోనే ఉన్న కూతురు దొరికింది. అదీ, అది ప్రయాణం కట్టే ముందు.